రెండు నొక్కితే పెద్దోడు

లీలామహల్ దగ్గర్నుంచి గాంధీ రోడ్డు దాకా, బస్టాండు చుట్టూ, రైల్వే స్టేషన్ ఎదురుగా... ఒకప్పుడు తిరుపతిలో ఎటు చూసినా పసుపు బోర్డులే. ఎస్‌టీడీ, ఐఎస్‌డీ, పీసీఓ... డబ్బులిచ్చి ఫోన్ మాట్లాడుకునే చోట్లు. ఇరుకు అద్దాల గది, తిరిగీ తిరగని ఫ్యాను, గబగబా మారే ఎర్ర అంకెల మీటరు, మాట్లాడ్డం అయిపోగానే కిర్రుమంటూ బయటికొచ్చే బిల్లు చీటీ. పొద్దుపోయాక రేటు తగ్గుతుందని రాత్రిపూట ఆ ఫోన్ గదుల ముందు గుంపులు కట్టేవాళ్లు.

కొండకొచ్చిన పల్లెటూరి పెద్దాయన జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి కౌంటర్లో కుర్రాడికిచ్చేవాడు. "నాయనా, రవంత ఈ నంబరుకు కొట్టియ్యి." కుర్రాడు నొక్కి, అవతల రింగు వినబడ్డాక రిసీవరు చేతికిచ్చేవాడు. చదువు లేని మనిషి ఫోన్ మాట్లాడాలంటే అంకెలు వచ్చిన మనిషి ఒకడు నడుమ ఉండాలి. ఎంత చదువుకున్నవాళ్ల దగ్గర ఏ ఫోన్ ఉందనే లెక్కలు ఎన్నో వచ్చాయి, ఇంకా వస్తాయి. వాటిని చూసినప్పుడల్లా గుర్తొచ్చేది ఆ నడిమి మనిషే. అతను కొన్నాళ్లు తప్పుకున్నాడు, మళ్లీ వచ్చి కూర్చున్నాడు. చదువుకూ ఫోన్‌కూ ఉన్న సంబంధం ఆ రాకపోకల్లో కనిపించినంత స్పష్టంగా శాతాల్లో కనిపించదు.

దేశంలో మొదటి సెల్‌ఫోన్ మాట 1995 జులై 31న కలకత్తా నుంచి ఢిల్లీకి వెళ్లింది. అప్పట్లో నిమిషానికి 16 రూపాయల దాకా పడేది, వచ్చిన కాల్‌కీ డబ్బు కట్టాల్సిందే. అలాంటి ఫోన్ కాంట్రాక్టర్లకూ పెద్ద డాక్టర్లకూ తప్ప ఎవరికి? 2002 అక్టోబరులో బీఎస్ఎన్ఎల్ సెల్ సర్వీసు మొదలైంది. 2003 మే నుంచి ఇన్‌కమింగ్ ఉచితమైంది. రేట్లు తగ్గడం కన్నా ఇన్‌కమింగ్ ఉచితం కావడమే పెద్ద మార్పు. ఫోన్ వస్తే డబ్బు పోదు, పచ్చ మీట నొక్కితే చాలు మాట వినబడుతుంది. అందుకు అక్షరం ముక్క రానక్కర్లేదు.

అదే ఏడాది నోకియా 1100 వచ్చింది. నెత్తిన టార్చి, దుమ్ము దూరని ఒకే ముక్క రబ్బరు కీప్యాడ్, రోజుల తరబడి దిగని చార్జింగ్. చంద్రగిరి, పాకాల, పుత్తూరు పల్లెల్లో పొలానికి నీళ్లు కట్టే మనిషి చేతిలో ఆ ఫోన్ అమిరినట్టు మరేదీ అమరలేదు. కరెంటు రాత్రి పన్నెండుకిస్తే మోటారు దగ్గరికి దారి చూపేదీ అదే, ఇంటికి కబురు చెప్పేదీ అదే.

దాంట్లో చదువు రానివాళ్లను నిలబెట్టింది స్పీడ్ డయల్. పేర్ల పట్టికలోకి పోయి ఒక్కో అంకెకూ ఒక్కో నంబరు కట్టొచ్చు. ఒకటి వాయిస్ మెయిల్‌ది కాబట్టి వదిలెయ్యాలి, రెండు నుంచి తొమ్మిది దాకా మనవి. ఫోన్ అమ్మిన కుర్రాడే కట్టిచ్చి, వేలు పట్టి చూపించేవాడు. "అవ్వా, రెండు గట్టిగా నొక్కిపట్టుకుంటే పెద్దోడు. మూడైతే కూతురు. నాలుగు పాలకేంద్రం." సెట్టింగ్స్‌లో స్పీడ్ డయలింగ్ ఆన్ చెయ్యడం మరిచిపోతే మాత్రం ఎంతసేపు నొక్కిపట్టినా అంకెలు పడేవే తప్ప కాల్ పోయేది కాదు. ఫోన్ చెడిపోయిందని షాపుకొచ్చిన కేసుల్లో ఇలాంటివి తక్కువేం కాదు.

నాలుగైదేళ్లు వాడిన సెట్టు విప్పితే, ఆ ఇంట్లో ఎవరు ఎవరికి ఎక్కువ ఫోన్ చేస్తారో రబ్బరు చూసి చెప్పొచ్చు. రెండు మీద అచ్చు పూర్తిగా చెరిగిపోయి ఉండేది. రబ్బరు కింద బోర్డు మీద సన్నటి రేకు బొడిపెలుంటాయి, నొక్కితే టిక్కుమనేవి. చెమట దిగి వాటి కింద నల్లటి పొర కడితే ఆ మీట పనిచెయ్యదు. థిన్నర్‌లో ముంచిన పళ్ల బ్రష్షుతో తుడిచి, ఆరబెట్టి, కొత్త రబ్బరు వేస్తే మళ్లీ పెద్దోడు పలికేవాడు.

ఇక మిస్డ్ కాల్. ఒక రింగైతే చేరుకున్నట్టు, రెండైతే తిరిగి చెయ్యమని. లిపి లేని భాషను చదువు లేనివాళ్లూ, డబ్బు లేని కాలేజీ పిల్లలూ కలిసి పుట్టించారు. ఎస్ఎంఎస్ దగ్గరే దారి చీలింది. ఎస్వీ యూనివర్సిటీ, పద్మావతి మహిళా యూనివర్సిటీ హాస్టళ్లలో మెసేజ్ ప్యాక్ లేని ఫోన్ ఉండేది కాదు. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు, కొన్ని అక్షరాలకైతే ఒకే మీట మూడుసార్లు. పండగ రోజుల్లో మాత్రం ప్యాక్ పనిచెయ్యక మెసేజ్‌కింతని కోసేవాళ్లు. అదే ఫోన్ అమ్మానాన్నల చేతిలో ఉంటే మెసేజ్‌ల డబ్బా నిండిపోయి 'మెమరీ ఫుల్' అని మెరిసేది, తెరిచి చూసేవాళ్లుండరు. సెట్టు ఒకటే, ధర ఒకటే. చదువు విడదీసింది ఫోన్ ఉన్నవాళ్లనూ లేనివాళ్లనూ కాదు, అందులో ఎంత భాగం ఎవరిది అన్నదాన్ని.

నడుమ చైనా ఫోన్ల కాలం ఒకటి నడిచింది. వీధి చివరికి వినబడే స్పీకరు, రెండు సిమ్ములు, కొన్నిటికి టీవీ యాంటెన్నా కూడా. రెండు జీబీ మెమరీ కార్డులో పాటలు ఎక్కించే షాపులు సందుకొకటి పుట్టాయి. ఇవి కొన్నది ఎక్కువగా మేస్త్రీలు, ఆటో డ్రైవర్లు, తోటల్లో మామిడికాయలు కోసేవాళ్లు. పాట వినడానికి చదవడం దేనికి? 2009 నవంబరు ఆఖరుకు ఐఎంఈఐ, అంటే ఒక్కో ఫోన్‌కూ ఉండే గుర్తింపు నంబరు, లేని సెట్లకు కాల్స్ ఆపేశారు. స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ నొక్కితే 15 అంకెలు రావాలి. రాకపోయినా, అన్నీ సున్నాలొచ్చినా ఆ ఫోన్ పాటలపెట్టే.

టచ్ ఫోన్ వచ్చాక నడిమి మనిషి తిరిగొచ్చాడు.

2011లో సామ్‌సంగ్ గెలాక్సీ వై వచ్చినప్పుడు అది ఇంజనీరింగ్ పిల్లల ఫోన్, మెడికల్ రెప్‌ల ఫోన్. మూడంగుళాల తెర, లోపల 180 ఎంబీ జాగా. నాలుగు యాప్‌లు వేస్తే 'జాగా లేదు' అనేది. అమెరికాలో అదే ఏడాది ప్యూ పరిశోధన సంస్థ లెక్క తీస్తే వందమంది పెద్దల్లో 35 మంది దగ్గర స్మార్ట్‌ఫోన్ ఉంది. అక్కడా డిగ్రీ ఉన్నవాళ్లే ముందున్నారు. మన దగ్గర ధర ఒక అడ్డం. ధర కన్నా గట్టి అడ్డం ఇంకోటి ఉంది, జీమెయిల్.

ప్లే స్టోర్ తెరవాలంటే మెయిల్ ఐడీ కావాలి. పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ, పాస్‌వర్డ్, మళ్లీ పాస్‌వర్డ్, అన్నీ ఇంగ్లిష్‌లో. ఎనిమిదో తరగతిలో బడి మానేసిన మనిషికి ఆ ఒక్క ఫారం దాటడం కష్టం. దాంతో షాపు కుర్రాడే తోచిన పేరుతో ఐడీ చేసి, ఫోన్ నంబరో మరోటో పాస్‌వర్డ్ పెట్టి, వాట్సాప్ ఎక్కించి చేతిలో పెట్టేవాడు. ఐడీ ఏదో పాస్‌వర్డ్ ఏదో కొన్నవాళ్లకు తెలియదు. మర్నాటికి కుర్రాడికీ గుర్తుండదు.

కొన్నాళ్లు దీనివల్ల నష్టమేం కనపడలేదు. 2015లో ఆండ్రాయిడ్ 5.1తో ఒక కొత్త కాపలా వచ్చింది. లాక్ మరిచిపోయి వాల్యూమ్ మీట, పవర్ మీట కలిపి నొక్కి ఫోన్‌ను మొత్తం చెరిపేస్తే, తిరిగి లేచినప్పుడు అంతకుముందున్న జీమెయిలూ పాస్‌వర్డూ అడుగుతుంది. దొంగలకోసం పెట్టిన తాళం అది. పడింది మాత్రం సొంతదారు మీద. పదివేలు పెట్టి కొన్న ఫోన్ ఆ ఒక్క తెర దగ్గర ఆగిపోయి, బల్లమీద వారాలు పడి ఉండేది. తెరవడానికి ఫోన్‌ను బట్టి అయిదొందలో వెయ్యో గుంజేవాళ్లు. లాక్ గుర్తున్నవాళ్లైతే, రీసెట్ చేసే ముందు సెట్టింగ్స్‌లోకెళ్లి ఆ ఖాతా తీసేస్తే ఈ గొడవే లేదు. అసలు ఐడీని మనిషి పేరుతో చేసి, పాస్‌వర్డ్‌ను రేషన్ కార్డుతోపాటు దాచే నోటుబుక్కులో రాసిస్తే రెండు నిమిషాల పని. ఎంతమంది రాసిచ్చారు?

తెలుగు చదవడం మాత్రమే వచ్చినవాళ్లకు ఇంకో దెబ్బ, డబ్బాలు. తొలి ఆండ్రాయిడ్లలో తెలుగు పేజీ తెరిస్తే అక్షరాల చోట ఖాళీ గళ్లు కనబడేవి. దానికో చిట్కా నోటినోటా పాకింది. ఒపెరా మినీ వేసుకుని, అడ్రస్ గడిలో 'ఒపెరా' కొట్టి, రెండు చుక్కలు పెట్టి, పక్కనే 'కాన్ఫిగ్' కొట్టాలి. తెరుచుకున్న పేజీలో కిందిదాకా పోతే బిట్‌మ్యాప్ ఫాంట్ల గురించి ఒక వరుస ఉంటుంది, దాన్ని 'ఎస్' చేసి సేవ్ కొట్టాలి. అంతే, తెలుగు ముత్యాల్లా దిగేది. అవతల సర్వర్‌లో అక్షరాలను బొమ్మలుగా మార్చి పంపడం వల్ల డేటా కొంచెం ఎక్కువయ్యేది, రాతను కాపీ చేసుకోడానికి ఉండేది కాదు. అయినా ఆ రోజుల్లో తెలుగు పేపరు ఫోన్‌లో చదివినవాళ్లలో చాలామంది ఈ మెట్టు ఎక్కినవాళ్లే. ఫాంటు ఫోన్‌లోనే వచ్చేసిన తర్వాత పిల్లలకు ఈ సంగతి చెప్తే నమ్మరు. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్‌ను కూల్చింది కూడా మన అక్షరమే. 'జ్ఞా' రాసేటప్పుడు నడుమ కంటికి కనబడని ఒక గుర్తు చేరితే యాప్‌లు పడిపోయేవి. కొద్దిరోజుల్లో ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు.

చదువును బట్టే టచ్ ఫోన్ వచ్చిందనే లెక్క పీలేరు వైపు మాత్రం తప్పింది. ఆ పక్క ఇళ్లలో కువైట్ పోయిన ఆడబిడ్డలెక్కువ. అక్కడి నుంచి వచ్చేవాళ్ల పెట్టెలో సబ్బులూ సెంట్లతోపాటు టచ్ ఫోన్ ఒకటి ఉండేది. తల్లి మొహం చూడాలి, బిడ్డ మొహం చూపాలి. వీక్ సిగ్నల్‌లోనూ లాగే ఇమో యాప్‌లో వీడియో కాల్. వేలిముద్ర వేసే అవ్వ ఊళ్లో టీచరు కన్నా ముందు టచ్ ఫోన్ పట్టింది. అవసరం గట్టిదైతే అక్షరం అడ్డం రాదు.

ఇంకో సంగతి మన జిల్లా మరచిపోకూడనిది. 2015 ఆగస్టులో షావొమీ భారతదేశంలో తయారైన తన మొదటి ఫోన్ రెడ్‌మీ 2 ప్రైమ్‌ను విశాఖపట్నంలో విడుదల చేసింది. అది బిగించింది శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ కర్మాగారంలో, అప్పటి మన చిత్తూరు జిల్లాలో. ధర 6,999. సత్యవేడు, వరదయ్యపాళెం పల్లెల ఆడపిల్లలు కంపెనీ బస్సుల్లో పోయి ఆ ఫోన్లు బిగించారు.

2016 సెప్టెంబరు 5న జియో మొదలైంది. అంతకుముందు ఒక జీబీ డేటాకు 250 రూపాయల చుట్టూ పెట్టినవాళ్లం. ఆధార్ నంబరు, వేలిముద్ర ఇస్తే సిమ్ము చేతికొచ్చేది. ఫారం నింపే పని లేదు. చదువు అవసరం లేకుండా దాటిన మొదటి కౌంటరు బహుశా అదే. తంటా వేరేచోట వచ్చింది. ఆ సిమ్ములో మాట కూడా 4జీ మీదే పోవాలి. 3జీ ఫోన్‌లో వేస్తే సిగ్నలే రాదు, వోల్టీ (4జీ మీదే మాట పంపే ఏర్పాటు) లేని 4జీ ఫోన్‌లో నెట్ వచ్చినా మామూలుగా కాల్ పోదు, దానికి విడిగా యాప్ వేసుకోవాలి. పాత ఫోన్లు పక్కన పడి కొత్తవి కొన్నది ఇందుకే. మరుసటి ఏడాది 1,500 డిపాజిట్‌తో జియోఫోన్ వచ్చింది. మీటలు మీటలే, లోపల నెట్. వాట్సాప్ మాత్రం దాంట్లోకి 2018 సెప్టెంబరుకు గానీ రాలేదు.

ఈ ఏళ్లలోనే, ఎవరూ పెద్దగా పట్టించుకోని రెండు మార్పులు జరిగాయి. 2013లో వాట్సాప్‌కు వాయిస్ మెసేజ్ వచ్చింది. 2017 ఆగస్టులో గూగుల్ తెలుగు మాటను రాతగా మార్చడం మొదలుపెట్టింది. మైకు బొమ్మ నొక్కి 'టమాటా ఊజీ మందు' అంటే వీడియోలు వరస కట్టాయి. మదనపల్లె టమాటా రైతుకు టైపింగ్ అవసరం తీరిపోయింది. నడిమి మనిషి మళ్లీ పక్కకు తప్పుకున్నాడు. 2018లో ప్యూ లెక్క ప్రకారం మన దేశంలో వందమంది పెద్దల్లో 24 మందికే స్మార్ట్‌ఫోన్ ఉంది. చౌక ధర, చౌక డేటా, మైకు, ఈ మూడూ ఒక్కచోట కలిశాకే పల్లెల్లో అది పాకింది. మూడింట్లో మైకు పేరు ఎవరూ ఎత్తరు.

గ్రామీణ విద్య మీద వచ్చే అసర్ సర్వేల్లో ఇది కనబడుతుంది. ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఉన్న బడిపిల్లలు 2018లో వందకు 36.5 మంది, 2020లో 61.8, 2022లో 74.8. కరోనా ఏడాది అంకె చూస్తేనే మనసు చివుక్కుమంటుంది. తల్లిదండ్రులిద్దరూ అయిదో తరగతి దాటని ఇళ్లలో దాదాపు 45 శాతానికే ఫోన్ ఉంది. ఇద్దరూ తొమ్మిది, ఆపైన చదివిన ఇళ్లలో 79 దాకా. బడి మూతపడి పాఠం ఫోన్‌లోకి వెళ్లిన ఏడాది అది. ఇంట్లో చదువు చెప్పలేని తల్లిదండ్రులున్న పిల్లలకే ఫోన్ కూడా లేకపోయింది. సప్తగిరి చానల్‌లో పాఠాలు వచ్చాయి, కొంత ఆదుకున్నాయి. ఫోన్ ఉన్న ఇంట్లోనూ అది పగలంతా నాన్న జేబులో పొలం దగ్గరో ఆటోలోనో ఉండేది. సర్వే అడిగేది ఇంట్లో ఉందా అని. పిల్ల చేతికి ఎన్ని గంటలు వచ్చింది అన్నది వేరే ప్రశ్న.

అందుకే ఏ అంకె చూసినా ముందు ప్రశ్న చూడాలి. 'ఇంట్లో ఉందా', 'నీదేనా', 'ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడావా' అనేవి మూడు వేర్వేరు సంగతులు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తామే వాడుకునే ఫోన్ ఉన్న మహిళలు దేశం మొత్తం మీద 54 శాతం. ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవాళ్లు 33 శాతమే. ఆంధ్రప్రదేశ్‌లో ఆ రెండోది ఇంకా తక్కువ, మహిళల్లో 21, మగవాళ్లలో 48.8. అసర్ 2023లో 14 నుంచి 18 ఏళ్ల పిల్లలను అడిగితే, స్మార్ట్‌ఫోన్ వాడడం వచ్చినవాళ్లలో సొంత ఫోన్ ఉన్న అబ్బాయిలు 43.7 శాతం, అమ్మాయిలు 19.8. అక్క ఇంటర్‌లో ఫస్టొచ్చినా ఫోన్ తమ్ముడిది. ఇక్కడ చదువు లెక్క కూడా పనిచెయ్యలేదు.

ఇప్పుడు గోవిందరాజస్వామి గుడి ముందు పూలమ్మే ఆవిడ దగ్గర క్యూఆర్ బోర్డు ఉంటుంది, పక్కన డబ్బు పడగానే తెలుగులో పలికే పెట్టె. మెసేజ్ చదవక్కర్లేదు, ఎవరినీ అడగక్కర్లేదు. కానీ ఓటీపీ మాత్రం చదవాలి. దర్శనం టికెట్‌కైనా, బ్యాంకు పనికైనా ఆ అంకెలు ఎవరికో ఒకరికి చూపించి చదివించుకుంటారు. మోసగాడు దూరే సందు అదే. నడిమి మనిషి మళ్లీ వచ్చాడు, ఈసారి అతను ఎవరో కూడా తెలియదు.

పెద్దవాళ్లకు మొదటి టచ్ ఫోన్ ఇచ్చేటప్పుడు ఒక అరగంట కూర్చుంటే ఇందులో సగం తీరుతుంది. అక్షరాల సైజు పెంచండి, కానీ చివరి గీత దాకా వద్దు. మీటలు తెర అంచు దాటి కనబడకుండా పోతాయి. మొదటి తెర మీద ఫోను, వాట్సాప్, కెమెరా, యూట్యూబ్, టార్చి తప్ప అన్నీ తీసెయ్యండి. తర్వాత, ఫోన్‌లో వీలుంటే, ఆ తెర మీది బొమ్మలు కదలకుండా సెట్టింగ్స్‌లో లాక్ చెయ్యండి. 'వాట్సాప్ పోయింది నాయనా' అని వచ్చే ఫిర్యాదులకు కారణం చాలాసార్లు వేలు ఎక్కువసేపు ఆనడమే. బొమ్మ కదిలి ఇంకో పేజీకి పోతుంది. వాట్సాప్‌లో ఫొటోలు, వీడియోలు వాటంతటవే దిగడం ఆపెయ్యండి. లేకపోతే శుభోదయాలతోనే ఆర్నెల్లలో ఫోన్ నిండుతుంది. మైకుకు తెలుగు కలపండి. మన పక్క మాటతో ఒక్కోసారి ఇబ్బంది వస్తుంది. 'ఎర్రగడ్డల రేటు' అంటే హైదరాబాద్ ఎర్రగడ్డను చూపించొచ్చు, అక్కడ 'ఉల్లిపాయ' అనమని చెప్పండి.

తాళం సంగతి. కూలిపని చేసి అరిగిన వేళ్లకు వేలిముద్ర సరిగా పడదు. రేషన్ మిషన్ దగ్గర పడే బాధే ఇక్కడా. అంకెల పిన్ను గుర్తుండదు. తొమ్మిది చుక్కల ప్యాటర్న్ పెట్టి "ముగ్గేసినట్టు కలుపమ్మా" అంటే చాలు. పలక పట్టని చేతులకు కూడా చుక్కలు కలపడం చిన్నప్పట్నుంచీ వచ్చు. రెండోరోజుకు చూడకుండా గీసేస్తారు.

చివరగా, ముఖ్యమైన నలుగురి ఫొటోలు కాంటాక్టులకు అతికించండి. బొమ్మల లాక్ ఉంటే కాసేపు తీసి, ఖాళీ తెర మీద వేలు ఆనించి, విడ్జెట్లు తెరిచి, కాంటాక్ట్స్‌లో డైరెక్ట్ డయల్ అన్నదాన్ని లాగి పెడితే ఆ ఫొటో మొదటి తెర మీదికొస్తుంది. పేరు చదవక్కర్లేదు, మొహం నొక్కితే కాల్ పోతుంది. పెద్దోడు నంబరు మార్చినప్పుడు మాత్రం జాగ్రత్త. ఆ బొమ్మ పాత నంబరుకే పోతూ ఉంటుంది. కాంటాక్టులో కొత్త నంబరు వేసి, పాత బొమ్మ తీసేసి, మళ్లీ కొత్తగా లాగి పెట్టాలి.